గండం గంటల్లో, అపాయింట్‌మెంట్ వారాల్లో

చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయని తెలిసి ఒక కుర్రాడిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మామూలుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: "గత రెండు వారాల్లో ఎలా ఉంది?" ఆ కుర్రాడు ఆ పూట కాస్త తేరుకునే ఉంటాడు, పక్కన అమ్మ కూర్చుని ఉంటుంది, బయట టోకెన్ పట్టుకుని ఇంకో పదిమంది ఎదురుచూస్తుంటారు. "ఇప్పుడు పర్లేదు" అంటాడు. అది అబద్ధం కాదు, నిజంగానే ఆ పూట పర్లేదు. మంగళవారం రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా లోపల ఏం జరిగిందో శనివారం ఉదయం చెప్పమంటే తనకే సరిగ్గా అందదు. మందులు రాస్తారు, నెల తర్వాత రమ్మంటారు, ఇంటికి వచ్చేస్తారు.

ఆ మంగళవారం రాత్రికీ ఈ శనివారం ఉదయానికీ మధ్య ఉన్న ఖాళీ మీదే హార్వర్డ్ యూనివర్సిటీ సైకాలజీ ప్రొఫెసర్ మాథ్యూ నాక్ చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. మనుషులు తమకు తామే ఎందుకు హాని చేసుకుంటారు, అది జరగబోతోందని ముందే ఎలా తెలుస్తుంది, తెలిస్తే ఆ కాసేపట్లో ఏం చెయ్యొచ్చు అన్నవి ఆయన ల్యాబ్ వదలకుండా పట్టుకున్న ప్రశ్నలు. ఈ పనికే 2011లో అమెరికాలో పేరున్న మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఆయన పేరు వినగానే యాప్‌లు, అల్గారిథమ్‌లు గుర్తొచ్చేవాళ్లు ఉంటారు గానీ, ఈ పరిశోధనలో అసలు విలువైన ముక్క ఇంకా ముందే ఉంది. ఇన్నాళ్లూ కొలిచిన పద్ధతి పనిచెయ్యలేదని లెక్కలతో సహా ఒప్పుకోవడం.

2017లో జోసెఫ్ ఫ్రాంక్లిన్ అనే పరిశోధకుడు, నాక్ తదితరులు కలిసి యాభై ఏళ్లలో వచ్చిన 365 అధ్యయనాలను ఒకచోట కూర్చి చూశారు. డిప్రెషన్, నిస్పృహ, గతంలో చేసిన ప్రయత్నం, కుటుంబంలో గొడవలు, మద్యం ఇలా పుస్తకాల్లో రాసే ప్రమాద సూచికలన్నీ అందులో ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకుని రాబోయే ప్రమాదాన్ని ముందే చెప్పబోయినా, నాణెం ఎగరేసి చెప్పినదానికంటే కాస్తే మెరుగు అని తేలింది. యాభై ఏళ్ల శ్రమ తర్వాత వచ్చిన ఫలితం అది. ఆ సూచికలు అబద్ధమని కాదు, అవి ఎవరికి ప్రమాదం ఉండొచ్చో అంతో ఇంతో చెబుతాయి, ఎప్పుడు అన్నది మాత్రం చెప్పలేవు. ఎందుకంటే ఆ అధ్యయనాల్లో చాలావాటిలో మనిషిని ఒకసారి ప్రశ్నలడిగి, ఆ తర్వాత నెలలూ ఏళ్లూ ఆగి, ఏం జరిగిందో చూశారు. ప్రాణం పోయేది గంటల్లో అయితే కొలత ఏళ్లలో ఉంది.

ఇంకో లెక్క కూడా ఇక్కడే చూడాలి. నాక్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలో 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు 6,483 మంది వివరాలున్నాయి. వాళ్లలో 12.1 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్య ఆలోచన వచ్చింది, సుమారు 4 శాతం మంది ప్రయత్నం దాకా వెళ్లారు. అలాంటి పిల్లల్లో 80 శాతానికి పైగా ఏదో ఒక మానసిక వైద్యం అందుకున్నవాళ్లే. సగానికి పైగా పిల్లల విషయంలో ఆ వైద్యం ఈ ఆలోచనలు మొదలవ్వక ముందే మొదలైంది. అంటే డాక్టర్లు లేక మాత్రమే కాదు, డాక్టర్ ఉన్నా కూడా ఆగలేదు. దీన్ని చదివి వైద్యం దండగ అనుకుంటే పొరపాటు, డిప్రెషన్‌కు వైద్యం కావాల్సిందే. కాకపోతే వారానికో నెలకో ఒకసారి గదిలో జరిగే మాట, గది బయట జరిగే గండాన్ని దానంతటదే అడ్డుకోలేదు.

అప్పుడు ఫోన్ వచ్చింది. ఫోన్‌తో వీళ్లు చేసింది వినడానికి చాలా చిన్న పని. రోజుకు నాలుగైదుసార్లు ఫోన్ మోగుతుంది. తెర మీద కొన్ని ప్రశ్నలు: ఇప్పుడు, ఈ క్షణంలో, చనిపోవాలనే కోరిక ఎంత బలంగా ఉంది? ప్రాణం తీసుకోవాలనే ఉద్దేశం ఎంత ఉంది? ఆ కోరికను తట్టుకుని నిలబడగలననే నమ్మకం ఎంత ఉంది? బస్సులో ఉన్నా, అన్నం తింటున్నా, నిద్రపట్టక దొర్లుతున్నా అక్కడికక్కడే వేలితో నొక్కి చెప్పడమే. "గత రెండు వారాల్లో" అన్న మాట ఈ ప్రశ్నల్లో ఎక్కడా లేదు. జ్ఞాపకం మీద ఆధారపడాల్సిన పని తప్పింది.

ఇవన్నీ కలిపి గీస్తే వచ్చిన బొమ్మ ఎవరూ అనుకున్నట్టు లేదు. ఆత్మహత్య ఆలోచన అంటే జ్వరంలా వచ్చి రోజుల తరబడి అలాగే ఉండి మెల్లగా తగ్గేది అని చాలామంది ఊహ. 2017లో ఇవాన్ క్లీమన్, నాక్ వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో నాలుగో వంతుకు పైగా సమాధానాలు కొద్ది గంటల ముందు అదే మనిషి ఇచ్చిన సమాధానానికి బాగా తేడాగా ఉన్నాయి. పాల్గొన్న దాదాపు ప్రతి ఒక్కరిలో ఇలాంటి పెద్ద ఎగుడుదిగుడు కనీసం ఒకసారైనా కనిపించింది. పొద్దున మామూలుగా ఉన్న మనిషి మధ్యాహ్నానికి అంచుకు వెళ్లి, రాత్రికి మళ్లీ మామూలుగా అన్నం తినడం ఆ బొమ్మలో కొత్తేమీ కాదు. నిస్పృహ, ఒంటరితనం, నేను వీళ్లకు భారం అన్న భావన కూడా ఆ ఆలోచనతో పాటే లేస్తున్నాయి, దానితో పాటే పడుతున్నాయి. కానీ వాటిని చూసి కొద్ది గంటల తర్వాత ఏమవుతుందో చెప్పడం మాత్రం కుదరలేదు.

ఆ తర్వాత 2023లో డేనియల్ కాపర్‌స్మిత్, నాక్ బృందం ఇంకాస్త దగ్గరగా చూసింది. అంతకుముందు వారంలోనే ఆత్మహత్య ఆలోచనలు వచ్చిన 105 మంది, ఆరు వారాలు, 20 వేలకు పైగా సమాధానాలు. తీవ్రస్థాయికి చేరిన ఆలోచన సగటున ఎంతసేపు ఆ స్థాయిలో ఉంటుంది? ఒక గంట నుంచి మూడు గంటలు.

ఒకటి నుంచి మూడు గంటలు అంటే ఒక సినిమాకు పట్టే టైమ్, హైదరాబాద్ బస్సెక్కితే సూర్యాపేట చేరేంత టైమ్. మన పెద్దవాళ్లు వాడే గండం అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది, గండానికి ఒక మొదలు ఉంటుంది, ఒక గడువు ఉంటుంది, అది గడిచేదాకా మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. సగటు అన్నది సగటే, కొందరిలో ఎక్కువసేపు ఉంటుంది, తగ్గింది మళ్లీ వస్తుంది కూడా, కాబట్టి మూడు గంటలు దాటితే ఇక భయం లేదని ఎవరూ అనుకోకూడదు. అలాగే ఈ రెండు ఫోన్ అధ్యయనాలూ పెద్దవాళ్లతో చేసినవి. పిల్లలతో ఇలాంటి పని మిషిగన్ యూనివర్సిటీలో ఎవా చిజ్ లాంటివాళ్లు చేస్తున్నారు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన టీనేజ్ పిల్లలను నాలుగు వారాల పాటు రోజూ ఫోన్‌లో అడిగి చూశారు. కానీ తగ్గుతుంది అన్న ఒక్క మాట చాలు, నివారణ ఎలా ఉండాలో మొత్తం మారిపోవడానికి. లోపల అంతా చీకటిగా ఉన్న పిల్లకు "ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుంది" అనిపిస్తుంది, అప్పుడు పక్కనున్నవాళ్లు "లేదమ్మా, ఇది తగ్గుతుంది, తగ్గేదాకా నేనిక్కడే ఉంటా" అని ధైర్యంగా చెప్పడానికి ఇప్పుడు రుజువు ఉంది.

మరి ఆ గంటల్లో ఏం పనిచేస్తుంది? బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు తయారుచేసిన భద్రతా ప్రణాళిక ఒకటుంది. కాగితం మీద రాసుకునేదే. ఆలోచన ముదురుతోందని నాకు ఎలా తెలుస్తుంది, ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేస్తే కాస్త మళ్లుతుంది, ఎవరి మధ్యకు వెళ్తే బాగుంటుంది, ఎవరికి చెప్పుకోగలను, ఏ డాక్టర్‌కు ఏ నంబర్‌కు ఫోన్ చెయ్యాలి, ఇంట్లో ప్రమాదకరమైనవి చేతికి అందకుండా ఎలా ఉంచాలి. ఇవన్నీ మనసు బాగున్న రోజు కూర్చుని, ఆ మనిషి తన సొంత మాటల్లో రాసుకోవాలి. 2018లో వచ్చిన అధ్యయనంలో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో ఎమర్జెన్సీకి వచ్చిన 1,640 మందిని చూస్తే, ఈ కాగితం రాయించి ఆ తర్వాత ఫోన్ చేసి పలకరిస్తూ వచ్చిన వాళ్లలో ఆరు నెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన ఘటనలు మిగతావాళ్లతో పోలిస్తే 45 శాతం తక్కువ. ఒక కాగితం, ఒక ఫోన్ కాల్! డిజిటల్ మానసిక ఆరోగ్యం అనగానే కళ్లు చెదిరే యాప్ ఊహించుకుంటాం గానీ, ఇందులో పనిచేసింది అవతలి నుంచి ఒక మనిషి చేసి "ఎలా ఉన్నారు" అని అడిగిన కాల్.

యాప్ వల్ల ఏమీ ఒరగదని కాదు. కోకో అనే ఆన్‌లైన్ సహాయ వేదికలో రాసేవాళ్ల పోస్టులను కంప్యూటర్ చదివి, ప్రమాదంలో ఉన్నట్టు అనిపిస్తే హెల్ప్‌లైన్ నంబర్ చూపించేది. చూపించినంత మాత్రాన చాలామంది చెయ్యరు. ఎందుకు చెయ్యరో ముందు అడిగి, "నా సమస్య అంత పెద్దది కాదేమో", "పోలీసులు ఇంటికొస్తారేమో" లాంటి భయాలకు అక్కడికక్కడే నాలుగు ముక్కల్లో జవాబు చెబితే ఏమవుతుందని ఆడం జారోషెవ్‌స్కీ, రాబర్ట్ మోరిస్, నాక్ పరీక్షించారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం, ఆ జవాబు చూసినవాళ్లు తర్వాత అడిగినప్పుడు హెల్ప్‌లైన్ లాంటి సాయం తీసుకున్నామని చెప్పడం 23 శాతం ఎక్కువ. నంబర్ ఇవ్వడం వేరు, ఆ నంబర్ నొక్కేదాకా పక్కన ఉండటం వేరు. మన దగ్గర ప్రతి వార్త కింద చిన్న అక్షరాల్లో ఒక నంబర్ వేసి వదిలేస్తున్నవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి చదివితే బాగుంటుంది.

పోలీసుల భయం మన దగ్గరా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు, ప్రభుత్వ ఉద్యోగిని ఒత్తిడి చెయ్యడానికి చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. చట్టం మారినా భాష మారలేదు. ఇప్పటికీ వార్తల్లో "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అనే రాస్తారు. తెలుగులో దొంగతనానికి పాల్పడతారు, దాడికి పాల్పడతారు, అవినీతికి పాల్పడతారు. ఆ వరసలో చేర్చిన మనిషి కుటుంబం నోరు తెరిచి సాయం అడగడానికి ఎంత జంకుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంకో భయం ఇంట్లో ఉంటుంది, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని. 2005లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన మాడెలిన్ గౌల్డ్ బృందం న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులతో దీన్నే పరీక్షించింది. ఆత్మహత్య గురించి సూటిగా అడిగిన పిల్లలకూ అడగని పిల్లలకూ బాధలో తేడా రాలేదు, ఆలోచనలు పెరగలేదు. డిప్రెషన్‌లో ఉన్న పిల్లలకు అడగడం వల్ల కొంత తేలిక అనిపించినట్టు కూడా కనిపించింది. కాబట్టి అడగాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని, ఆ మాటే వాడి, మెల్లగా, జవాబు వచ్చేదాకా ఆగి.

ఇప్పుడు మన పిల్లల సంగతి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యతో చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. తెలుగువాళ్లకు ఈ మాట వినగానే ఇంటర్ గుర్తొస్తుంది, ఎంసెట్, జేఈఈ, నీట్ గుర్తొస్తాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లిన తర్వాత వరసగా పిల్లలు పోయిన రోజులను ఎవరూ మర్చిపోలేదు, ప్రభుత్వం ఫెయిలైన వాళ్లందరికీ ఉచితంగా రీవెరిఫికేషన్ చెయ్యాల్సి వచ్చింది. మన క్యాలెండర్‌లో గండం ఎప్పుడు వస్తుందో కనీసం ఒక తేదీ ముందే తెలుసు, అది ఫలితాల రోజు. ఏ అల్గారిథమ్ అక్కర్లేదు. చెన్నైలో 1986లో స్నేహ అనే సంస్థను మొదలుపెట్టిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాట, ఫెయిలైన పిల్లకు ఏడాది పోదు, వారాల్లో మళ్లీ పరీక్ష ఉంది అన్న దారి కనిపించాలి అని. మన రెండు రాష్ట్రాల్లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అదే పని చేస్తుంది. మార్కుల పేజీలో "ఫెయిల్" అన్న ఎర్ర అక్షరాల పక్కనే సప్లిమెంటరీ తేదీ, 14416 నంబర్ కనిపించేలా పెట్టడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

14416 అంటే టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మామూలు కీప్యాడ్ ఫోన్ చాలు. చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఈ పూట బరువుగా ఉంటే ఇక్కడే ఆపి ఆ నంబర్‌కు చెయ్యండి, మిగతా వ్యాసం ఎక్కడికీ పోదు.

అయితే నాక్ పరిశోధన అంతా ఫోన్ జేబులో ఉందన్న నమ్మకం మీద నడుస్తుంది. మన ఇంటర్ హాస్టళ్లలో ఫోన్ ఉండదు. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజు, వీకెండ్ టెస్టులు, మార్కుల ప్రకారం సెక్షన్లు, నెలకో ఔటింగ్. ఇంటికి మాట్లాడాలంటే ఫలానా రోజు వార్డెన్ గది ముందు లైన్లో నిలబడాలి, వెనక ఇంకో ఇరవై మంది ఉంటారు, ఫోన్ చేతికొచ్చేది కొద్ది నిమిషాలే, పక్కన ఫ్లోర్ ఇన్‌చార్జ్. ఆ కొద్ది నిమిషాల్లో ఏ పిల్లా "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది" అనదు. "కడుపునొప్పిగా ఉంది నాన్నా, ఒకసారి వచ్చి తీసుకెళ్లవా" అంటుంది. "పరీక్షలున్నాయి కదమ్మా, పది రోజులు ఓర్చుకో" అంటాడు ఆయన, ప్రేమగానే. "నా వల్ల మీకు ఖర్చే కదా" అన్న మాట కూడా మధ్యలో ఒకసారి వస్తుంది, దాన్ని ఆయన బాధ్యత తెలిసిన మాటగా తీసుకుని మురిసిపోతాడు. నాక్ ఫోన్ ప్రశ్నల్లో భారం, ఒంటరితనం, నిస్పృహ అని విడివిడిగా కొలిచినవి మన దగ్గర ఈ వాక్యాల్లో వస్తాయి. వాటిని ఆ పేర్లతో వినడం అమ్మానాన్నలకు ఎవరూ నేర్పలేదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాల్లో కనిపించాలి. నిజంగా మంచి తీర్పు, బ్యాచ్‌ల మాట మన కాలేజీలకు నేరుగా తగులుతుంది. కానీ గోడ మీద పెద్ద అక్షరాల్లో 14416 ఉండి, ఫోన్లన్నీ వార్డెన్ బీరువాలో తాళం వేసి ఉంటే రాత్రి పదకొండు గంటలకు ఆ నంబర్‌ను దేనితో నొక్కాలి?

పిల్లలందరికీ స్మార్ట్‌ఫోన్ ఇచ్చెయ్యాలన్నది దీనికి జవాబు కాదు. చీకట్లో చేతిలో ఉన్న ఫోన్ మంచే చేస్తుందన్న హామీ లేదు, చాట్‌బాట్‌తో రాత్రుళ్లు మాట్లాడుతూ చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు అమెరికాలో కంపెనీల మీద కేసులు వేసి ఉన్నారు. ఈ రంగంలో ఉన్నవాళ్లే దీని గురించి ఎక్కువ కంగారు పడుతున్నారు. నాక్ తదితరులు 2021లో ఒక ఉమ్మడి ప్రకటన రాశారు: ఫోన్ ద్వారా ఇలాంటి ప్రశ్నలు అడగబోయేవాళ్లు, ప్రమాదకరమైన జవాబు వస్తే ఎవరు, ఎంతసేపట్లో, ఎలా స్పందిస్తారో అడగడానికి ముందే తేల్చుకోవాలి, పాల్గొనేవాళ్లకు అది ముందే చెప్పాలి. చదవడానికి సాదాగా ఉంటుంది గానీ, డిజిటల్ సాయం అని చెప్పుకునే ప్రతిదాన్నీ తూచడానికి ఈ ఒక్క నియమం చాలు. కాలేజీ ఒక యాప్ కొని, పిల్లలతో వారం వారం మూడ్ నొక్కించి, ఎర్ర గుర్తు వచ్చినప్పుడు చూసేవాళ్లు లేకపోతే అది కొనకపోయినా ఒకటే. పైగా ఆ పిల్ల "చెప్పాను, ఎవరూ రాలేదు" అనుకుంటుంది. ఆ సమాచారం ఎవరి చేతిలో ఉంటుందన్నది ఇంకో సమస్య, రేపు దాన్ని చూసి "ఈ పిల్లను మా క్యాంపస్‌లో ఉంచుకోలేం" అని టీసీ చేతిలో పెట్టరని ఏం నమ్మకం?

హాస్టల్‌కు కావాల్సింది ఇంతకంటే చాలా చవక. ప్రతి ఫ్లోర్‌లో ఒక మామూలు ఫోన్, తాళం లేకుండా, 14416కూ ఇంటి నంబర్‌కూ ఏ గంటలోనైనా కలిసేలా. దాని మీద మాట్లాడుతున్నప్పుడు పక్కన ఎవరూ నిలబడకూడదు. పిల్ల ఆ స్థితిలో కనిపిస్తే తెల్లారేదాకా పక్కన కూర్చోవడం తన పనేనని, అందుకు తనను ఎవరూ తిట్టరని నైట్ వార్డెన్‌కు తెలిసి ఉండాలి. ఫలితాలు, ర్యాంకులు వచ్చే రోజు ఏ పిల్లా గదిలో ఒంటరిగా లేకుండా చూడాలి. ఇవేవీ సైన్స్‌కు కొత్త కాదు, ఒక గంట నుంచి మూడు గంటలు అన్న ఆ అంకెను హాస్టల్ భాషలోకి మార్చితే వచ్చేవే.

జూన్‌లో అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు ఫీజు ఎంత, గత ఏడాది ర్యాంకులెన్ని, ఏసీ ఉందా, భోజనం ఎలా ఉంటుంది అని అడుగుతారు. అదే కౌంటర్ దగ్గర, పిల్లను పక్కనే నిలబెట్టుకుని, ఆమె వినేలా ఇంకో రెండు అడగాలి: "రాత్రి పదకొండింటికి మా అమ్మాయికి మాతో మాట్లాడాలనిపిస్తే ఫోన్ ఎక్కడుంటుంది? ఆ టైమ్‌లో తలుపు తీసేది ఎవరు?" పేరు చెబితే రాసుకోవాలి. బయటికొచ్చాక పిల్లతో, "ఎప్పుడు చేసినా ఎత్తుతాను, రమ్మంటే ఆ రాత్రికే బయలుదేరతాను, ఎందుకని అడగను" అని చెప్పాలి. చెప్పిన తర్వాత రాత్రుళ్లు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోకూడదు.